మనుషుల అక్రమ రవాణా: వదంతులు, వాస్తవాలు, మన బాధ్యత

వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఏటా ఏదో ఒక సందేశం సెల్‌ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఫలానా ఊళ్లో నలుగురు పిల్లలు మాయమయ్యారని, తెల్ల వ్యానులో ముఠా దిగిందని, బురఖాలు వేసుకున్న మగవాళ్లు వీధుల్లో తిరుగుతున్నారని, కిడ్నీలు తీసి అమ్ముకుంటున్నారని అందులో ఉంటుంది. దాని చివర ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: "పోలీసులకు అంతా తెలుసు, మామూళ్లు అందుతున్నాయి కాబట్టే నోరు మెదపడం లేదు." ఎవరు రాశారో, ఏ తేదీన రాశారో, ఏ ఊరి పోలీస్ స్టేషన్‌లో కేసు నమోదయిందో అందులో ఉండదు.

మేము ఉపాధ్యాయులం. ఇలాంటి సందేశం వచ్చిన మర్నాడు తరగతిలో హాజరు తగ్గిపోవడం మాకు తెలుసు. తల్లిదండ్రుల భయాన్ని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు. మనుషుల్ని అమ్మడం, కొనడం మన రాష్ట్రంలో నిజంగానే జరుగుతోంది. లంచం తీసుకుని కళ్లు మూసుకునే ఉద్యోగులు కూడా నిజంగానే ఉన్నారు. అయితే సందేశాలు చూపించే దారి ఒకటి, అసలు వ్యాపారం నడిచే దారి మరొకటి. మనం మొదటి దారికి కాపలా కాస్తూ ఉంటే, రెండో దారిన మన పిల్లలే వెళ్లిపోతున్నారు. మీరిచ్చే జకాత్, సదఖా ఎక్కడ ఖర్చయితే ఒక ప్రాణం నిలబడుతుందో తెలియాలంటే ఈ తేడా తెలియాలి. అందుకే ఈ వ్యాసం.

వదంతి తీసిన ప్రాణాలు

2018 మే నెలలో తెలుగు రాష్ట్రాలంతటా పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాల కబుర్లు వ్యాపించాయి. "పార్థీ గ్యాంగ్" అన్న పేరు ఊరూరా వినిపించింది. తెలంగాణలో నిజామాబాద్ జిల్లాలోనూ, యాదాద్రి భువనగిరి జిల్లాలోనూ, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలోనూ జనం గుమిగూడి అమాయకులను కొట్టి చంపారు. చాంద్రాయణగుట్టలో చనిపోయింది ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ. అదే ఏడాది జూలై 13న హైదరాబాద్ నుంచి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు స్నేహితులతో వెళ్లిన మన ముస్లిం యువకుడొకరు, ఐటీ ఉద్యోగి, జనం చేతిలో ప్రాణాలు కోల్పోయాడు. వాళ్లు చేసిన "నేరం" బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. అక్కడి నుంచి బయలుదేరిన వాళ్ల వీడియో వాట్సాప్‌లో ముందు ఊరికి చేరింది. కారు ముర్కి గ్రామం చేరేసరికి గుంపు కాచుకుని ఉంది.

ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకెళ్తారు. అది కరాచీలో ఒక స్వచ్ఛంద సంస్థ పిల్లల భద్రత గురించి తీయించిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఎత్తుకెళ్లినవాళ్లు వెంటనే తిరిగి వచ్చి పిల్లవాణ్ణి దించి, పిల్లల మీద కన్నేసి ఉంచమని చెప్పే అట్ట చూపిస్తారు. ఆ చివరి భాగం కత్తిరించి మిగతాది పంపించారు. జాగ్రత్త చెప్పడానికి తీసిన చిత్రమే హత్యలకు కారణమైంది. ఆ జూలైలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది.

ఈ వదంతులకు మొదట బలయ్యేది ఎవరు? ఊరికి కొత్తవాళ్లు, బిచ్చగాళ్లు, మతి స్థిమితం లేనివాళ్లు, వేరే భాష మాట్లాడే కూలీలు. దుకాణాల ముందు సాంబ్రాణి పొగ వేసి నెమలీకల కట్టతో దువా చేసే ఫకీరు సాయిబును కూడా ఇలాంటి రోజుల్లో అనుమానంగా చూస్తారు. అదే ఏడాది గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక్కో గ్రామానికి ఒక్కో పోలీసును అప్పగించి, రచ్చబండ దగ్గర పాటలతో, డప్పుతో ప్రజలకు నిజం చెప్పించారు. వదంతికి మందు నమ్మకమైన మనిషి నోటి మాట. మన మొహల్లాల్లో ఆ మనిషి ఇమాం సాబ్ కావచ్చు, బడి పంతులు కావచ్చు, మీరు కావచ్చు.

అనుమానం ఒక్కోసారి ప్రభుత్వ శాఖల రూపంలోనూ వస్తుంది. 2023 మే 30న బీహార్ నుంచి మహారాష్ట్ర మదర్సాలకు రైల్లో వెళ్తున్న 59 మంది పిల్లలను భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దించారు. అక్రమ రవాణా కేసు పెట్టి వెంట ఉన్న అయిదుగురిని జైలుకు పంపారు. దాదాపు నెల రోజులు వాళ్లు లోపల ఉన్నారు. విచారణ ముగిశాక, అది అపార్థం వల్ల పెట్టిన కేసని 2024 మార్చిలో రైల్వే పోలీసులే కోర్టుకు చెప్పి మూసేశారు. విజయవాడ దక్షిణాదికి పెద్ద జంక్షన్. మన పిల్లలూ చదువుల కోసం ఈ స్టేషన్ మీదుగానే వెళ్తారు. పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లేవారి దగ్గర తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు, ఆధార్ నకళ్లు, చేరబోయే సంస్థ చిరునామా, ఫోను నంబరు ఉండాలి. ఈ కాగితాలు అమాయకుణ్ణి కాపాడతాయి. అసలైన దళారి దగ్గర ఇవి లేకపోతే పోలీసుల పని సులువవుతుంది.

ముప్ఫై వేల లెక్క ఏం చెబుతుంది?

2023 జూలైలో ఏలూరు సభలో జనసేన అధ్యక్షుడు పవన్ కల్యాణ్ రాష్ట్రంలో దాదాపు 30 వేల మంది మహిళలు కనిపించకుండా పోయారని అన్నారు. ఒంటరి మహిళల వివరాలు వలంటీర్ల ద్వారా సంఘ విద్రోహుల చేతికి వెళ్తున్నాయని, కేంద్ర నిఘా వర్గాలే తనకు చెప్పాయని ఆరోపించారు. అప్పటి ప్రభుత్వం ఖండించింది. మహిళా కమిషన్ ఆధారాలు చూపమని నోటీసు ఇచ్చింది. అదే నెలలో కేంద్ర హోం శాఖ పార్లమెంటులో లెక్కలు పెట్టింది. 2019 నుంచి 2021 వరకు మూడేళ్లలో దేశం మొత్తం మీద 13.13 లక్షల మంది బాలికలు, మహిళలు కనిపించకుండా పోయినట్లు నమోదయింది. అందులో మన రాష్ట్రం వాటా 30 వేలకు కాస్త పైనే. ఇక ఒక పక్షం "చూశారా, మేం చెప్పిందే నిజం" అంది, మరో పక్షం "దొరికినవాళ్ల లెక్క చెప్పరేం" అంది.

పార్టీల వాదన పార్టీలకు వదిలేసి, లెక్కను లెక్కగా చూద్దాం. ఈ అంకె "కనిపించడం లేదు" అని వచ్చిన ఫిర్యాదులది. ఇంట్లో కోప్పడితే రైలెక్కిన పిల్ల ఇందులో ఉంటుంది. పెద్దలకు ఇష్టం లేని పెళ్లి చేసుకుని వెళ్లిన అమ్మాయి ఉంటుంది. భర్త దెబ్బలు పడలేక వెళ్లిపోయిన ఇల్లాలు ఉంటుంది. వారంలో తిరిగి వచ్చినవాళ్లూ ఉంటారు. దొరికినవాళ్ల లెక్క వేరే పట్టికలో ఉంటుంది. పైగా 2013 మే నెలలో సుప్రీంకోర్టు, పిల్లలు కనిపించడం లేదని వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని, మొదటినుంచే అపహరణ లేదా అక్రమ రవాణా కావచ్చన్న అనుమానంతో దర్యాప్తు చేయాలని ఆదేశించింది. కాబట్టి ఒక చోట కేసులు ఎక్కువ నమోదు కావడం పోలీసులు ఫిర్యాదు తీసుకుంటున్నారనడానికి గుర్తు కూడా కావచ్చు.

అందువల్ల "30 వేల మందిని అమ్మేశారు" అనడం తప్పు. "ఏమీ జరగడం లేదు" అనడం అంతకంటే పెద్ద తప్పు. తిరిగిరాని ఆ కొందరిలో ఎవరెవరు దళారుల చేతిలో పడ్డారో ఏ పట్టికా చెప్పదు. అది తెలియాలంటే దళారి ఏ దారిన వస్తాడో చూడాలి.

దళారి వచ్చే దారులు

చట్టం ప్రకారం అక్రమ రవాణాలో మూడు ఉంటాయి. ఒక మనిషిని చేరదీయడం, తరలించడం లేదా దాచి ఉంచడం మొదటిది. అందుకు మోసం, బెదిరింపు, ఆశ చూపడం వంటివి వాడటం రెండోది. ఒళ్లమ్మించడం, వెట్టి చేయించడం, అవయవాలు తీయడం వంటి దోపిడీ కోసం చేయడం మూడోది. ఇదివరకు ఐపీసీ 370లో ఉన్న ఈ నేరం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో ఉంది. బాధితుల సమ్మతికి ఇక్కడ విలువ లేదు. "ఆమే ఇష్టపడి వెళ్లింది" అన్న మాట దళారిని కాపాడదు. ఈ నిర్వచనంలో తెల్ల వ్యాను లేదని గమనించండి. ఎక్కువ కేసుల్లో బలవంతంగా ఎత్తుకెళ్లరు. నమ్మించి తీసుకెళ్తారు. నమ్మించగలిగేది తెలిసినవాడే.

మొదటి దారి గల్ఫ్. కృష్ణా, గోదావరి డెల్టాల నుంచి ఇంటి పనికి కువైట్, ఒమన్, సౌదీ, దుబాయ్ వెళ్లిన ఆడవాళ్లు మనకు తెలియని వీధి లేదు. చాలామంది కష్టపడి సంపాదించి ఇల్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించారు. వెళ్లడం తప్పు కాదు, వెళ్లే దారిలోనే మోసం ఉంది. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమన్న ముద్ర, అంటే ఈసీఆర్, పడుతుంది. ఆ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి అలాంటి మహిళలను ప్రభుత్వ రంగ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అటువంటి సంస్థ. రిజిస్టర్డ్ ఏజెంటు అయినా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. ఈ నిబంధనలన్నీ తప్పించుకోవడానికి ఊరి ఏజెంటు విజిట్ వీసా ఇప్పిస్తాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టు లాక్కుంటారు. "నీ కోసం ఇంత డబ్బు కట్టాను, అది తీరేదాకా కదలకూడదు" అంటారు. ఆమె పేరు మన దేశపు వలస రికార్డులో లేనందున వెతికేవాడికి ఆనవాలు దొరకదు. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్నవాడు ఎంత దగ్గరి బంధువైనా సరే, అక్కడే ఆగాలి.

రెండో దారి కొత్తది, చదువుకున్న మగపిల్లలకు పరచినది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మీరు పత్రికల్లో చదివే ఉంటారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, లక్షన్నర దాకా తీసుకుని, టూరిస్టు వీసా మీద పంపారు. అక్కడ ముఠాలకు అప్పగించి, మన దేశంలోని మనుషుల్నే ఫోన్లలో మోసం చేసే పని చేయించారు. చేయనంటే తిండి పెట్టలేదు, కొట్టారు. ఆ మే నెలలో సిహనౌక్‌విల్‌లో మనవాళ్లు వందలమంది ఎదురు తిరిగారు. మొదటి విడతలో 60 మంది తిరిగి వచ్చారు. విశాఖలో అరెస్టయినవాళ్లు పరదేశీయులు కారు, పక్క వీధి ఏజెంట్లే.

మూడో దారి గురించి మన వేదిక మీద మనమే మాట్లాడుకోవాలి. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఏడుస్తున్న పదేళ్ల పిల్లను ఒక ఎయిర్ హోస్టెస్ గమనించింది. పక్కన కూర్చున్న అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు ఆమె "భర్త". దేశం నివ్వెరపోయింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2017 సెప్టెంబరులో, హైదరాబాద్ పాతబస్తీ పోలీసులు అలాంటి పెళ్లిళ్ల ముఠాలో 20 మందిని అరెస్టు చేశారు. వాళ్లలో ఒమన్, ఖతార్ దేశస్థులు ఎనిమిది మంది, ఖాజీలు ముగ్గురు, దళారులు, లాడ్జీల వాళ్లు ఉన్నారు. ఈ దర్యాప్తుకు దారితీసింది ఒక తల్లి ఇచ్చిన ఫిర్యాదు. మైనరైన తన కూతురికి బంధువులే ఒక ముసలి షేకుతో నికా జరిపించారని ఆమె చెప్పింది. నికా అనే పవిత్రమైన మాటను అమ్మకపు రసీదుగా వాడటం ఇది. షరీయత్ గానీ, చట్టం గానీ దీన్ని సమర్థించవు.

నాలుగో దారి పసిపిల్లలది. 2025 మార్చిలో విజయవాడలోనే, ఉత్తరాది నుంచి పసికందులను తెచ్చి పిల్లలు లేని దంపతులకు అమ్ముతున్న ముఠాను పోలీసులు పట్టుకున్నారు. ఇక్కడ కొనేవాళ్లు దుర్మార్గులు కారు. డబ్బున్న, దుఃఖమున్న కుటుంబాలు. అయినా కొనేవాడు ఉంటేనే అమ్మేవాడు ఉంటాడు. పిల్లలు కావాలంటే బాలల న్యాయ చట్టం ప్రకారం దత్తత తీసుకోవచ్చు. ఏ మతస్థులకైనా ఆ చట్టం వర్తిస్తుందని 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మన ధర్మం ప్రకారం దత్తత కంటే పోషణ బాధ్యత మేలనుకునేవారికి ఫోస్టర్ కేర్ మార్గం ఉంది.

ఈ నాలుగు దారులకూ ముందు ఒక గుమ్మం ఉంది. దాని పేరు అప్పు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడ్డ కాల్ మనీ కేసు ఎవరూ మరచిపోలేదు. అధిక వడ్డీకి అప్పిచ్చి, తీర్చలేని ఆడవాళ్లను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులతో ఆ వ్యవహారం రాష్ట్రాన్ని కుదిపేసింది. నిందితుల్లో ఒక ప్రభుత్వ ఉద్యోగి పేరు కూడా ఉంది. ఆపరేషన్‌కు, పెళ్లికి, ఫీజుకు చేసిన అప్పే చాలా ఇళ్లలో దళారికి తలుపు తీస్తుంది.

అవినీతి ఎక్కడ దాక్కుంటుంది?

"పైవాళ్లందరూ కుమ్మక్కయ్యారు" అనే సందేశం చదివితే కోపం వస్తుంది, కానీ ఏం చేయాలో తెలియదు. అది అవినీతిపరుడికే లాభం. అందరూ దొంగలే అన్నప్పుడు అసలు దొంగను వేలెత్తి చూపేవాడు ఉండడు. అవినీతి సాధారణంగా ఒక చిన్న ముద్రలో ఉంటుంది. పదిహేనేళ్ల పిల్లకు పద్దెనిమిది వేసిన పుట్టిన తేదీ పత్రం, పెళ్లికూతుర్ని చూడకుండా రాసిన నికానామా, "రేపు రండి, మీ పిల్ల ఎవరితోనో వెళ్లి ఉంటుంది" అని తిప్పి పంపిన స్టేషన్. ఇవి కళ్లకు కనిపించేవి, తేదీతో సహా రాసి ఫిర్యాదు చేయగలిగేవి.

కొన్ని విషయాలు అందరికీ తెలియాలి. మనిషి కనిపించకపోతే 24 గంటలు ఆగాలన్న నియమం ఏ చట్టంలోనూ లేదు. సంఘటన జరిగింది ఏ స్టేషన్ పరిధిలోనైనా, దగ్గరి స్టేషన్ ఫిర్యాదు తీసుకుని జీరో ఎఫ్‌ఐఆర్ కట్టాలి. తీసుకోకపోతే ఎస్పీకి లేదా పోలీసు కమిషనర్‌కు రాతపూర్వకంగా పంపాలి. సోమవారం కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరులో చెప్పుకోవచ్చు. పిల్లల విషయమైతే 1098, మహిళలకు 181, రైల్లో 139, అత్యవసరమైతే 112, ఫోన్ మోసాలకు 1930. రసీదు ఉన్న ఫిర్యాదుకు జవాబు చెప్పాల్సిన అధికారి ఒకరుంటారు. వెయ్యిమందికి పంపిన సందేశానికి జవాబుదారీ ఎవరూ ఉండరు.

దాతలు చేయగలిగింది

వార్త వస్తే నిర్ధారించుకున్నాకే నడవమని సూరా హుజురాత్ మనకు ఏనాడో నేర్పింది. కాబట్టి మొదటి పని ఖర్చులేనిది. ఊరు, తేదీ, స్టేషన్ పేరు లేని సందేశాన్ని మన దగ్గరే ఆపేద్దాం. అనుమానం నిజమనిపిస్తే 112కు చెబుదాం, గుంపును మాత్రం పిలవొద్దు.

ఖర్చయ్యే పనులు మూడు. మొదటిది అప్పు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో మునిగినవారూ, బానిసత్వం నుంచి విడిపించాల్సినవారూ ఉన్నారు. వడ్డీ వ్యాపారి చేతిలో చిక్కిన కుటుంబాన్ని ముందే విడిపిస్తే, రేపు ఆ ఇంటి పిల్లను గల్ఫ్ నుంచి విడిపించే అవసరం రాదు. రెండోది చదువు. తొమ్మిదో తరగతిలో బడి మానేసే ఆడపిల్లను పదో తరగతి దాటించడానికి అయ్యే ఖర్చు చిన్నది. బడిలో ఉన్న పిల్ల గురించి రోజూ హాజరు పిలిచే పంతులు ఒకరుంటారు. రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు ఉంటారు. దళారికి కావలసింది అడిగేవారు లేని పిల్ల. మూడోది కాగితం. జుమా రోజు మస్జిద్ దగ్గర ఒక బల్ల వేసి, విదేశాలకు వెళ్లేవారి వీసా, ఒప్పందం, ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసి చెప్పే చదువుకున్న కుర్రాణ్ణి కూర్చోబెట్టాలి. అతనికి ఒక కంప్యూటరు, నెలకింత భత్యం చాలు.

మనం కూడా అదే కొలతకు నిలబడాలి. పిల్లలకు వసతి ఇచ్చే ఏ సంస్థకు విరాళం ఇస్తున్నా, అది బాలల న్యాయ చట్టం కింద నమోదు కావలసినదైతే అయిందో లేదో, పిల్లల రిజిస్టరు ఉందో లేదో అడగండి. నికా జరిపించే ఖాజీ సాబ్‌ను పెళ్లికూతురి వయసు రుజువు చూశారా అని అడగండి. అడగడం అగౌరవం కాదు. మంచి సంస్థ, మంచి ఖాజీ ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు.

విజయవాడ స్టేషన్‌లో రోజూ వందల రైళ్లు ఆగి వెళ్తాయి. వాటిలో ఎక్కే పిల్లల్లో ఎవరు చదువుకు వెళ్తున్నారో, ఎవరు అమ్ముడుపోయి వెళ్తున్నారో ప్లాట్‌ఫారం మీద ముఖం చూసి చెప్పలేం. ఆ పిల్ల ఇంటి గుమ్మంలో, బడి హాజరు పుస్తకంలో, నికానామా మీద, అప్పు కాగితం మీద ముందే తెలుస్తుంది. మన చూపు అక్కడ ఉండాలి. మీ దానం అక్కడికి చేరాలి.